పురుగుమందుల డైరీలో తెల్ల పిట్ట

మొన్న మా బంధువుల ఫోన్ గ్రూపులో ఎవరో తెల్ల గోరింక ఫొటో పెట్టారు. "చూసినవారికి శుభం. పదిమందికి పంపండి" అని కింద ఉంది. పాతికమంది వెంటనే దండాలు పెట్టారు. ఒకాయన అది కంప్యూటర్లో చేసిన బొమ్మన్నాడు. ఇంకొకావిడ సున్నంలో పడి ఉంటుందంది. నేను ఏదో చెప్పబోయి, సగం రాసి, చెరిపేశాను. నలుగురున్న చోట నాకు మాటలు రావు. చిన్నప్పటినుంచీ అంతే. కాగితం ముందు కూర్చుంటే మాత్రం ఆగను. ఆ చెరిపేసిన సగమే ఇది.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. నాన్న మార్టూరులో రాళ్ళకు పాలిష్ పెట్టే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆ రాతిదుమ్ముకి నాకు దగ్గు పట్టుకుని వదలకపోతే, అమ్మ నన్ను అద్దంకి దగ్గర మా ఊరికి, నాయనమ్మ దగ్గరికి పంపింది. ఆ ఇంట్లో నాయనమ్మ, పెదనాన్న, పెద్దమ్మ ఉండేవాళ్ళు. పెదనాన్నకి పిల్లలు లేరు. దగ్గు తగ్గాలని పంపిన ఊరేమో మిరపకాయల ఊరు. చలికాలం చివర్లో ఏ వీధిలో నడిచినా కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. "రాళ్ళకి దగ్గు, మిరపకాయలకి తుమ్ము. నీ ముక్కుని యాడ దాచి పెట్టాలే తల్లీ?" అనేది నాయనమ్మ, తన పైటకొంగుతో నా ముక్కు తుడుస్తూ. ఆ కొంగుకి ఎప్పుడూ వెన్న కాచిన వాసన.

పెదనాన్న గట్టిగా మాట్లాడే మనిషి. పక్కనున్నవాళ్ళతో మాట్లాడినా అవతలి చేలోవాళ్ళకి వినపడేది. కోపం లేకపోయినా అంతే. ఆయన ఎదుట నా గొంతులోంచి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. ఏదైనా కావాలంటే పెద్దమ్మ చెవిలో చెప్పేదాన్ని, ఆవిడ ఆయనకి చెప్పేది. "దానికి నోరు లేదా? నేనేమన్నా పులినా?" అని ఆయన అరిచేవాడు. ఆ అరుపుకి ఉన్న కాస్త నోరూ పోయేది.

కొత్త సంవత్సరం రాగానే పురుగుమందుల కొట్టువాళ్ళు రైతులకి డైరీలు పంచేవాళ్ళు. మంచి అట్ట, నున్నటి కాగితం. ప్రతి పేజీ అడుగునా ఒక పురుగు బొమ్మ, పక్కన దాన్ని చంపే మందు డబ్బా బొమ్మ. పెదనాన్న మందుడబ్బాల మీద అచ్చక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. చేతిరాత చదవలేడు, రాత సంతకం వరకే. "నాకెందుకిది, నువ్వు లెక్కలు చేసుకో" అని డైరీ నా ఒళ్ళో పడేశాడు. నేను లెక్కలు చెయ్యలేదు. నోటితో అనలేనివన్నీ అందులో రాశాను. తేదీలు పట్టించుకోలేదు. ఆ ఏడాది అయిపోయాక మిగిలిన పేజీల్లో తర్వాతి ఏడాదివి కూడా రాశాను. దాన్ని బియ్యపు డ్రమ్ము వెనక దాచేదాన్ని.

ఆ పిట్టని మొదట చూసింది పెరట్లో మునగచెట్టు మీద.

చలికాలంలో మా ఊరికి పలిస పిట్టలు వచ్చేవి. గోరింక జాతే. తల, రెక్కలు నల్లగా, ఒళ్ళు మాసిన గులాబీ రంగులో ఉంటుంది. పది ఇరవై కాదు, వేలకి వేలు. సాయంత్రం పొద్దు వాలే వేళ ఊరి చివర సర్కారు తుమ్మల మీద వాలే ముందు ఆకాశంలో దుప్పటి దులిపినట్టు తిరిగేవి. పగలు విడివిడిగా పెరళ్ళలోకి వచ్చి మునగపూల మీద, వేపచెట్ల మీద వాలి ఒకటే గోల. ఆ గోల చేస్తున్న గుంపులో ఒకటి తెల్లగా ఉంది. పాలలో చిటికెడు కుంకుమ కలిపితే వచ్చే రంగు. కళ్ళు మాత్రం నల్లగానే ఉన్నాయి. ఎడమ రెక్కలో రెండంటే రెండు నల్ల ఈకలు. మిగతావి దాన్నేమీ తరమలేదు. దాని పక్కనే పూలు పీకుతూ, దానితోనూ మామూలుగానే పోట్లాడుతున్నాయి.

పెద్దమ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. "పత్తి చేలో దొర్లొచ్చి ఉంటుంది" అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "బొల్లి వచ్చిందేమోనే పాపం. పిట్టలక్కూడా వచ్చిద్దా?" అంది. ఆ రోజు మా ఇంటి వసారాలో పరుపులు కుట్టే సాయిబు తాత ఉన్నాడు. పత్తి పగిలే వేళకి దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరుగుతూ వచ్చేవాడు, వానలు పడేముందు వెళ్ళిపోయేవాడు. వింటినారి టంగుటంగుమని మోగి మోగి ఆయనకి చెవులు మందగించాయి. అందుకని ఆయన కూడా గట్టిగానే మాట్లాడేవాడు, కానీ నాకు భయమేసేది కాదు.

"బొల్లీ కాదు, పత్తీ కాదు" అన్నాడాయన. "నేను వందల పరుపులు కుట్టాను. యాడో ఒక పరుపు దగ్గర రంగుదారం అయిపోద్ది. ఇక తెల్లదారంతో కానిచ్చేస్తా. నాకే అట్టా అయితే, ఇన్ని పిట్టల్ని కుట్టేవాడికి అవదా అమ్మాయ్?"

నాయనమ్మ నవ్వింది. నేను డైరీలో రాసుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత కాలేజీ లైబ్రరీలో పిట్టల పుస్తకం ఒకటి దొరికింది. కొన్ని పిట్టలకి పుట్టుకతోనే ఈకల్లోకి రంగు చేరదనీ, కళ్ళకి మాత్రం చేరుతుందనీ అందులో ఉంది. తాత చెప్పిందీ దాదాపు అదే.

ఎండలు ముదరగానే తుమ్మలు ఖాళీ అయ్యాయి. అవి ఎటు పోతాయని పెద్దమ్మ ద్వారా అడిగించాను. నల్లమల అడవుల్లోకి అంది నాయనమ్మ. సముద్రం అవతలికి అన్నాడు పెదనాన్న. సాయిబు తాత మాత్రం ఢిల్లీ దాటి, మంచుకొండలు దాటి, ఉత్త గడ్డే ఉండే దేశానికి పోతాయన్నాడు. "అక్కడ మిడతల్ని తిని పిల్లల్ని చేస్తాయంట."

"నీకెట్టా తెలుసు సాయిబూ? ఎంబడి పోయొచ్చావా?" అని పెదనాన్న ఎగతాళి చేశాడు.

"నేను మాత్రం ఏటేటా వస్తన్నా, పోతన్నా. యాడికి పోతావని మీరెప్పుడన్నా అడిగారా?" అన్నాడు తాత.

మళ్ళీ పత్తి పగిలింది. తాత వచ్చాడు, పిట్టలు వచ్చాయి. బడి నుంచి రాగానే మునగచెట్టు కిందికి పరిగెత్తేదాన్ని. తొమ్మిదో రోజున అది కనపడింది. అదే తెలుపు, అవే రెండు నల్ల ఈకలు, ఎడమ రెక్కలోనే. అన్నాళ్ళూ మేం 'పలిస పిట్టలు వచ్చాయి' అనేవాళ్ళం గానీ, వచ్చినవి నిరుటివో కొత్తవో ఎవరికి తెలుసు? అన్నీ ఒకే రంగు. ఈ ఒక్కదాని రంగు తప్పింది గనక తెలిసింది. అంత దూరం పోయి, అన్ని ఊళ్ళు దాటుకుని, మళ్ళీ మా పెరట్లోకే వచ్చింది. ఆ రోజు నాలుగు పేజీలు రాశాను.

అక్కడినుంచి అదే నా పని. తుమ్మల పక్కనే మా పత్తి చేను, దాన్ని ఆనుకుని ఇంటి తిండికి వేసిన జొన్న. పొద్దున్నే బడికి వెళ్ళేముందు గట్టు మీద కూర్చునేదాన్ని. పిట్టలు నిద్ర లేచి ముందు పత్తిలోకి దిగేవి. కాయల్లో దూరే పచ్చపురుగుల్ని లాగి, తలకాయ పట్టుకుని గట్టుకేసి కొట్టి మింగేవి. తెల్లది ఒక పొద్దున నేను చూస్తుండగానే పద్నాలుగు తింది. ఎండెక్కాక జొన్నలోకి పోయేవి. అదీ రాశాను.

ఆ ఏడు జొన్న ఆలస్యంగా కంకి వేసింది. మిరపకాయలు కల్లంలోకి చేరే వేళకి గింజ ఇంకా పాలమీదే ఉంది. పలిస పిట్టలకి పాలగింజ అంటే ప్రాణం. మూడు వారాలు పెదనాన్న మంచె మీద నిలబడి డబ్బా వాయించాడు, రాళ్ళు పెట్టి వడిసెల తిప్పాడు. ఆయన అంతటి గొంతూ బొంగురుపోయింది. పిట్టలు ఇటు లేచి అటు వాలేవి.

ఒక రోజు బడికి పోతుంటే పక్క చేను గట్టు మీద ఏదో గులాబీ రంగు కనపడింది. దగ్గరికి వెళితే పిట్టలు. ఆ చేను ఆసామి జొన్నగింజలకి పురుగుమందు పట్టించి చల్లాడట. గట్టంతా, కాలవంతా అవే. కాళ్ళు ముడుచుకుని, ముక్కులు తెరుచుకుని ఉన్నాయి. పత్తికట్టె పుల్ల ఒకటి తీసుకుని ఒక్కొక్కదాన్నీ తిప్పి చూశాను. చచ్చిన పిట్ట ఎంత తేలికో ఆ రోజే తెలిసింది. ఎనభై దాటాక లెక్క ఆపేశాను. తెల్లది లేదు. లేదని సంతోషపడ్డాను, సంతోషపడినందుకు ఏడ్చాను. బడికి పోలేదు.

ఆ సాయంత్రం జొన్నన్నంలో కొరివికారం కలుపుకుంటూ పెదనాన్న అన్నాడు. "పక్కాయన చేలో ఇవాళ ఒక్క పిట్ట వాల్లేదు. మనమూ రేపు గింజలు నానబెట్టి, ఎల్లుండి పొద్దున్నే చల్లుదాం."

"నోరులేని వాటిని చంపుకుంటామా?" అంది పెద్దమ్మ.

"ఏడాది తిండే అది. వాటికి పెట్టి మనమేం తిందాం, మట్టా?"

ఆయన తప్పేమీ మాట్లాడలేదు. కుంచెడు గింజలు కూడా రావేమో అన్నట్టుంది చేను. అది నాకూ తెలుసు. అయినా పిట్టల తరఫున చెప్పాలని నోరు తెరిచాను. "ఏంటే?" అన్నాడాయన. కారం ఎక్కువైందని సైగ చేసి లేచిపోయాను.

మర్నాడు ఆదివారం. కల్లంలో మిరపకాయలు ఎర్రటి పట్టాలా పరిచి ఉన్నాయి. పదిమంది ఆడవాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని తాలుకాయలు ఏరుతున్నారు. రంగు తిరగక తెల్లబడ్డ కాయల్ని తాలు అంటారు. వాటిని పక్కకి పోసేవాళ్ళు. వేపచెట్టు కింద సాయిబు తాత పరుపు కుడుతున్నాడు. షెడ్డు మూల ఒక బకెట్టు మీద గోనెపట్టా కప్పి ఉంది. అందులో ఏం నానుతోందో నాకు తెలుసు.

డైరీ తెచ్చాను. పిట్టలు పురుగుల్ని తిన్న పేజీలూ, పత్తికి మందు కొట్టినప్పుడు పెదనాన్న విసుక్కున్న పేజీలూ మడతపెట్టి, ఆయన నులకమంచం మీద పెట్టి, తాలుకాయల కుప్ప వెనక కూర్చున్నాను. ఆయన చేతిరాత చదవలేడన్న సంగతి నాకు గుర్తే రాలేదు. రాస్తే చాలు, చెప్పినట్టే అనుకునేదాన్ని అప్పట్లో.

పెదనాన్న డైరీ ఎత్తి చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇదేందో చూడు సాయిబూ. పిల్ల రాతలా ఉంది" అని తాతకి ఇచ్చాడు.

తాత సూది గుచ్చిపెట్టి, కళ్ళజోడు తగిలించుకున్నాడు. నా మడతలు చూసి అన్నీ సాపు చేశాడు. "పుస్తకాన్ని మధ్యలోంచి చదివితే ఏం తెలుసుద్ది?" అని మొదటి పేజీ తెరిచి, కల్లమంతా వినపడేలా మొదలుపెట్టాడు.

"'నాయనమ్మకి షుగరు. డాక్టరు తీపి తినొద్దన్నాడు. బెల్లపు ముక్క పొగాకు సంచిలో దాచుకుంటుంది.'"

ఆడవాళ్ళు ఏరడం ఆపారు. "ఓలమ్మో! అత్తా, పొగాకని మాకు చెప్పావే?" అంది ఒకావిడ. షెడ్డు గడప దగ్గర కూర్చున్న నాయనమ్మ సంచి ఒడిలోకి లాక్కుంది. "దాని మొహం! పిల్లముండ ఎప్పుడు చూసిందో!"

"'పెద్దమ్మ పెదనాన్నని తిట్టాలంటే గేదెని తిడుతుంది. గేదెకి అర్థం కాదు, పెదనాన్నకీ అర్థం కాదు.'"

ఈసారి నవ్వులకి కల్లం కాకులు లేచిపోయాయి. పెద్దమ్మ ముక్కుగుడ్డ కళ్ళదాకా లాక్కుంది. నేను కుప్పలో ఇంకా లోపలికి దూరాను. తాలుకాయల ఘాటు తలకెక్కుతోంది. తుమ్మితే దొరికిపోతాను. ఒక్కొక్క పేజీ ఒక్కొక్కరి మీద. తాత తన పేజీ కూడా వదల్లేదు. "'తాత టీలో నాలుగు చెంచాల పంచదార వేసుకుని, చేదుగా ఉందంటాడు.' నిజమేగా" అని తనే ఒప్పుకుని ముందుకు పోయాడు. పెదనాన్న మీద రాసింది వచ్చినప్పుడు మాత్రం తాత గొంతు కూడా కాస్త తగ్గింది. "'పెదనాన్నతో మాట్లాడాలని రోజూ అనుకుంటాను. ఏం మాట్లాడాలో ముందే పలకమీద రాసుకుంటాను. ఆయన రాగానే చెరిపేస్తాను.'"

ఆడవాళ్ళు తలలు వంచుకుని మళ్ళీ కాయలు ఏరడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత పిట్టలు వచ్చాయి. పద్నాలుగు పురుగులు, గట్టుకేసి కొట్టడం అన్నీ. "'తుమ్మల పక్క చేనుకి ఈ ఏడు మూడుసార్లే మందు కొట్టారు. మన రెండో పత్తిచేను, పైచేనుకి ఏడుసార్లు. ఆ చేలో పురుగు ఎందుకు తగ్గడం లేదని పెదనాన్న పురుగుమందుల కొట్టాయన్ని తిట్టాడు. పైచేను దగ్గర తుమ్మలు లేవు. పిట్టలు అక్కడికి పోవు.'"

"ఏదీ, మళ్ళీ చదువు" అన్నాడు పెదనాన్న.

తాత మళ్ళీ చదివాడు. తర్వాత పేజీ తిప్పి, మెల్లగా చదివాడు. "'పక్క చేను గట్టు మీద ఎనభై దాకా లెక్కపెట్టాను. తెల్లది లేదు. సోమవారం మన చేలో వెతకాలి.'"

అప్పుడు నేను తుమ్మాను.

"ఇట్టా రా" అన్నాడు పెదనాన్న. వెళ్ళాను. మొహమంతా కన్నీళ్ళు. ఘాటువో, మామూలువో చెప్పలేను.

"ఇదంతా నువ్వు చూసిందేనా?"

తలూపాను.

"నోటితో చెప్పు."

"చూశాను పెదనాన్నా."

"పురుగుల్ని తిన్నాయా?"

"తిన్నాయి."

"మరి జొన్న తినలేదా?"

అబద్ధమాడదామనిపించింది. కానీ డైరీలో రాసేసి ఉంది. "జొన్న కూడా తిన్నాయి."

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. "భలే సాక్ష్యం చెప్పావమ్మాయ్!" అంది ఒకావిడ. పెదనాన్న నవ్వలేదు. చేను వైపు చూశాడు. తర్వాత లేచి, బకెట్టు ఎత్తుకుని, గడ్డపార తీసుకుని కల్లం వెనక్కి వెళ్ళాడు. గొయ్యి తవ్వుతున్న చప్పుడు నాకు చాలాసేపు వినపడింది. చెమటతో తిరిగొచ్చి, "రేపు కంకులు కోసేద్దాం. పాలమీద ఉన్నవి ఎన్ని దొరికితే అన్ని. ఊచబియ్యం చేసుకు తినండి అందరూ. చొప్ప గేదెలకి. పోయింది పోనీ" అన్నాడు.

సోమవారం కల్లంలో మంట వేసి లేతకంకులు కాల్చారు. వేడివేడి గింజల్ని నలిచి, ఊది, బెల్లం కలిపి అందరికీ పంచారు. పచ్చి పాలవాసన, పొగవాసన. నాయనమ్మ తన వాటా అందరి ముందే తింది. కోయకుండా వదిలేసిన గట్టువార వరసల మీద పిట్టలు పండగ చేసుకున్నాయి. ఆ ఏడు మేం జొన్నలు కొనుక్కుతిన్నాం. చేట పట్టినప్పుడల్లా పెద్దమ్మ ఆ సంగతి గేదెకి చెప్పేది.

నా రహస్యాలన్నీ ఊరందరివీ అయిపోయాయి. వారం రోజులు వీధిలోకి వెళ్ళలేకపోయాను. కానీ ఆ తర్వాత పెదనాన్న పొలంనుంచి రాగానే, కాళ్ళు కడుక్కుంటూ అడిగేవాడు. "ఇవాళేం రాశావే?" మొదట్లో రెండు వాక్యాలు చదివేదాన్ని. తర్వాత పేజీ. ఆయన మధ్యలో అడ్డొచ్చి, "అది కాదు, అప్పుడు గాలి ఉత్తరం నుంచి తోలింది, రాసుకో" అనేవాడు. ఎండలు రాగానే తెల్లది గుంపుతో పాటు వెళ్ళిపోయింది. ఆ పేజీ కూడా ఆయనకి చదివి వినిపించాను.

తర్వాతి ఏడు నన్ను గుంటూరులో హాస్టల్లో వేశారు. హాస్టల్ ఆఫీసుకి ఆదివారాలు ఫోన్లు వచ్చేవి. చలికాలం మొదలైన ఒక ఆదివారం ఊళ్ళో ఫోన్ బూత్ నుంచి పెదనాన్న చేశాడు. బాగున్నావా, తింటున్నావా అని కూడా అడగలేదు.

"నీ తెల్ల పిట్ట వచ్చిందే! నిన్ననే చూశా. తుమ్మల మీద వాలింది."

"నిజంగానా పెదనాన్నా? ఎడమ రెక్కలో నల్ల ఈకలు ఉన్నాయా?"

"ఉన్నాయి, రెండూ ఉన్నాయి. నువ్వు బాగా చదువుకో."

ఇంతలో ఫోన్ పెద్దమ్మ చేతికి మారింది. "ఏం పిట్టో ఏందో తల్లీ! పదిరోజులుగా మీ పెదనాన్న పొద్దుగూకేసరికి ఆ ముళ్ళకంప కింద నిలబడతన్నాడు. మెడ పట్టేసింది. ఇంకా కనపళ్ళేదని నిన్న కూడా అన్నం సరిగ్గా..."

"నువ్వు ఊరుకోవే!" అన్న అరుపు వెనక నుంచి వినపడింది. బూత్‌లో మీటరు టిక్కుటిక్కుమంటోంది.

"సరే పెద్దమ్మా" అన్నాను. "వచ్చిందిగా. చాలు."

హాస్టల్ మెట్ల మీద కూర్చుని డైరీ తీశాను. చూడనిది ఏదీ నేను అంతవరకూ అందులో రాయలేదు. పెదనాన్న చెప్పిందీ, పెద్దమ్మ చెప్పిందీ రెండూ రాద్దామనుకున్నాను. చివరికి ఒక్క వరస రాశాను.

'తెల్ల పిట్ట వచ్చింది. చూసినవారు: మా పెదనాన్న.'

ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. దాన్ని దిద్దలేదు.